ఎర్రదారం ఉన్న వైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు బావి నుంచి నీళ్ళు తెచ్చినా, కడవ వంచే ముందు తాగునీళ్ళు నిలవచేసే కాగు మూతికి కట్టిన గుడ్డను ఒకసారి చూడాలి. గుడ్డ మూలన కుట్టిన ఎర్రదారం పైకి కనబడితేనే నీళ్ళు పోయాలి. కనబడకపోతే గుడ్డ విప్పి, ఉతికి, సరైన వైపు పైకి వచ్చేలా మళ్ళీ కట్టాలి. పండగైనా, ఇంట్లో పెళ్ళి పనులున్నా ఈ నియమం తప్పేది కాదు. మా ఇంటికే కాదు, మా వీధి మొత్తానికీ ఇదే నియమం. ఆ దారం ఎలా వచ్చిందో చెప్పాలంటే మా అవ్వ గురించి, మా ఊరి సేవా సంఘం గురించి చెప్పాలి. వాటికంటే ముందు నా ఎడమకాలి గురించి చెప్పాలి.

మాది జమ్మలమడుగుకు ఆనుకొని ఉన్న చిన్న పల్లె. ఒకే పొడవాటి వీధి, దాని చివర ఒక దిగుడుబావి. ఆ బావిని తవ్వించింది మా ముత్తాత, అంటే మా అవ్వకు మామగారు. కరువు కాలంలో సొంత ధాన్యం కూలీలకు పోసి తవ్వించాడని చెప్పేవారు. నీళ్ళ దాకా నల్లటి కడప బండలతో మెట్లు కట్టించి, అన్నిటికంటే పై మెట్టు మీద తన పేరు చెక్కించాడు. ఊరంతా ఆ మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవలు ముంచుకునేవాళ్ళు. మా అవ్వ ప్రతి ఉదయం నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆ పేరున్న బండను చీర కొంగుతో తుడిచి, ఆ తర్వాతే కాలు కింది మెట్టు మీద పెట్టేది. ఆమె ఆ పై మెట్టును తొక్కడం నేను ఏనాడూ చూడలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారిన కొత్తల్లో, నేను ఐదో తరగతి చదువుతున్న ఎండాకాలంలో, నా ఎడమ చీలమండ దగ్గర ఒక బొబ్బ లేచింది. రెండు రోజులకు అది చితికి, లోపలి నుంచి తెల్లటి దారం లాంటిది కొద్దిగా తల బయటపెట్టింది. నారికురుపు. ఇప్పటి పిల్లలకు ఈ పేరు కూడా తెలియదు. మాకు మాత్రం అది ఎండాకాలపు చుట్టం లాంటిది. ఏటా ఏదో ఒక ఇంటికి వచ్చేది. ఆ పురుగు మూరెడు, ఒక్కోసారి రెండు మూరలు ఉండేది. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు. సన్నటి పుల్లకు చుట్టి, రోజుకు రెండు మూడు వేళ్ళంత మాత్రమే బయటికి తీయాలి. తొందరపడి లాగితే లోపలే తెగి, కాలు వాచి, చీము పట్టి, మనిషి నెలల తరబడి మంచం దిగలేడు. అది ఒంట్లో వేడి వల్ల వస్తుందని మా వాళ్ళు నమ్మేవాళ్ళు. కాలు నిప్పుల్లో పెట్టినట్టు మండేది కాబట్టి నాకూ ఆ మాట నిజమే అనిపించింది. అందుకే రోజూ బావి మెట్ల మీద కూర్చొని కాలు నీళ్ళలో పెట్టుకునేదాన్ని. నాకు ముందు ఈ జబ్బు వచ్చిన వాళ్ళందరూ అదే మెట్టు మీద కూర్చొని అదే పని చేశారు.

అలా కూర్చొని ఉన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం సేవా సంఘం వాళ్ళు బావి దగ్గరికి వచ్చారు. సంఘం అంటే పెద్ద కట్టడం, బోర్డు ఏమీ లేవు. మా వీధిలోనే ఉండి జమ్మలమడుగు బజారులో గడియారాలు బాగుచేసే ఒకాయన, సర్కారు ఆసుపత్రి కాంపౌండరు, మా బడి డ్రిల్లు అయ్యవారు, మగ్గం నేసే ఒక పెద్దాయన, అంతే. గడియారాలాయన శుక్రవారం నమాజుకు వెళ్ళాక మళ్ళీ అంగడి తెరిచేవాడు కాదు. ఆ పూటంతా సంఘం పనికే. మా అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు ఆయన గడియారాల మామ.

కాంపౌండరు నన్ను చూడగానే గబగబా రెండు మెట్లు దిగాడు. "పాపా, కాలు తియ్యి. నీ మంట చల్లారుతాంది గానీ, ఊరికి అంటుకుంటాంది" అన్నాడు.

నేను భయపడి కాలు తీసేశాను. పురుగు నీళ్ళు తగలగానే తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుందని, వాటిని నీళ్ళలో ఉండే కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు మింగుతాయని, ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు సరిగ్గా ఏడాదికి ఇదే కురుపు లేస్తుందని ఆయన అక్కడున్న ఆడవాళ్ళకు చెప్పాడు. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి పైనుంచి చేదుకుంటే ఎవరి కాలూ నీళ్ళకు తగలదని, అంతవరకు నీళ్ళను గుడ్డతో వడగట్టి తాగాలని చెప్పాడు.

మెట్లు మూయడం అనే మాట వినగానే మా అవ్వ కడవ కింద పెట్టింది. "ఏంది కాంపౌండరప్పా, మా మామ బావిలో పురుగులుండాయంటావా?" అంది. గొంతు పెంచలేదు. మా అవ్వకు కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది.

జవాబు చెప్పింది గడియారాల మామ. ఆయన జేబులోంచి, గడియారం లోపలి చక్రాలు చూడడానికి కంటికి బిగించుకునే నల్ల డొప్ప అద్దం తీశాడు. గాజుగ్లాసులో బావి నీళ్ళు ముంచి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "అవ్వా, నేను చెప్పను. నువ్వే చూడు" అన్నాడు.

అవ్వ చాలాసేపు చూసింది. నీళ్ళలో తెల్లటి నలకలు ఎగిరెగిరి ఈదుతున్నాయి. నేనూ చూశాను. "నీ అద్దంతో చూస్తే నా చెయ్యి గూడా పందితోలు మాదిరి కనబడతాది" అని అవ్వ అద్దం తిరిగి ఇచ్చేసింది. ఆడవాళ్ళు నవ్వారు, గడియారాల మామ కూడా నవ్వాడు. కానీ ఆ రోజు అవ్వ కడవ నింపుకోకుండానే ఇంటికి వచ్చిందని నాకు బాగా గుర్తు.

రెండు రోజుల తర్వాత ఆమే గడియారాల మామను పిలిపించి మాట ఇచ్చింది. ఆమె మాట ఇలా ఉంది: బావి మాది, మెట్లు మా మామ పుణ్యం, ఊరికే మూయనివ్వను. ఒక ఏడాది నీళ్ళు వడగట్టి తాగుతాను, వీధిలోని వాళ్ళ చేత కూడా తాగిస్తాను. వచ్చే ఎండాకాలానికి గుడ్డ కట్టిన ఇళ్ళలో కురుపు రాకపోతే మీ మాట నిజమని ఒప్పుకొని మెట్లు మూయనిస్తాను. వస్తే, మళ్ళీ ఎవరూ ఆ మెట్ల మాట ఎత్తకూడదు. గడియారాల మామ అందరి ముందూ సరేనన్నాడు.

ఆ ఏడాది మా వీధి ఎన్నడూ లేనంత హుషారుగా ఉండింది. మగ్గం పెద్దాయన సన్నటి దారంతో ఒత్తుగా నేసి గుడ్డలు ఇచ్చాడు. గోడకు, గిలకకు కావలసిన వాటి కోసం సంఘం ఊరూరా తిరిగి అడుక్కోలేదు. సంత రోజున గడియారాల మామ బజారులో ఒక బల్ల వేసుకొని, కూలి అడగకుండా గడియారాలు బాగుచేసేవాడు. పక్కన ఒక డబ్బా ఉండేది. ఇష్టమైన వాళ్ళు ఇష్టమైనంత అందులో వేసేవాళ్ళు. గోడకు బండలు మాత్రం కొనకూడదని, ఇంటికొక బండ ఇవ్వాలని ముందే అనుకున్నారు. మా వైపు బండ లేని ఇల్లు ఉండదు. నేల బండే, పైకప్పు బండే, గోడకు ఆనించిన మిగులు బండ ఒకటి ప్రతి ఇంటి వెనకా ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు తెచ్చి బావి పక్కన పేర్చసాగారు. వీధి మొదట్లో ఉండే బండ్లాయన, అంటే ఎడ్లబండి తోలే ఒక పెద్దాయన, వాటిని ఉచితంగా చేరవేశాడు. చేరవేస్తూనే ఎగతాళి చేసేవాడు. సంఘానికి గుడ్డల సంఘం అని పేరు పెట్టింది ఆయనే. "ఏమప్పా గుడ్డల సంఘం, ఈ దినం ఎవరికి గోచీ పెట్టినారు?" అని గడియారాల మామను బజారులో అందరి ముందూ అడిగేవాడు.

నా కాలి పురుగు పూర్తిగా బయటికి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ ఎండాకాలం నా పరీక్ష పోయింది. మంచం మీద ఏడుస్తూ ఉంటే గడియారాల మామ ఒక గీతల పుస్తకం, పెన్సిలు తెచ్చి ఇచ్చాడు. దినామూ పుల్లకు ఎన్ని వేళ్ళ పురుగు చుట్టారో రాయమన్నాడు. కాలు నయమయ్యాక కూడా రాయడం మానొద్దని, ఇంట్లో నీళ్ళు ఎవరు వడగట్టారో, ఎన్ని కడవలో, ఎలా చేశారో చూసినది చూసినట్టు రాయమని చెప్పాడు. "బాగుందనో బాగాలేదనో రాయొద్దు అమ్మీ. ఏం జరిగిందో అది రాయి. చాలు" అన్నాడు. నా జీవితంలో మొదటి డైరీ అది. ఆ తర్వాత రాసిన వాటన్నిటినీ బీరువాలో వరుసగా పెట్టుకున్నాను, ఆ గీతల పుస్తకం వరుసలో మొదటిది.

మా ఇంట్లో తాగునీళ్ళ పని అవ్వదే. ఇంకెవరినీ కాగు ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి మాట ఇచ్చాక సగం మనసుతో ఏ పనీ చేసే మనిషి కాదు ఆమె. తన ఇంట్లో చేయడమే కాక, గుడ్డ తీసుకున్న ఇళ్ళకు వెళ్ళి కోడళ్ళను కూర్చోబెట్టి ఎలా కట్టాలో, ఎలా పోయాలో నేర్పింది. నేను పక్కనే కూర్చొని రాసుకునేదాన్ని. ఒక్క రోజు తప్పలేదు.

ఏడాది తిరిగింది. వేపపూత వచ్చిన రోజుల్లో ఒక ఉదయం అవ్వ కాలు కొంచెం ఈడ్చి నడవడం చూశాను. అడిగితే ముల్లు గుచ్చుకుందని చెప్పింది. మరునాడు కూడా చీర అంచు కాలి మడమ మీదికి లాక్కుంటూ ఉంది. మూడో రోజు నేను పట్టుబట్టి చూశాను. మడమ పైన బొబ్బ చితికి ఉంది. అందులోంచి తెల్లటి దారం.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "యాడా చెప్పొద్దమ్మీ" అంది. కానీ వారం తిరక్కుండా మా నాన్నకూ లేచింది. ఆ తర్వాత గుడ్డ తీసుకున్న ఇంకో రెండు ఇళ్ళలో. అవి రెండూ అవ్వ దగ్గరుండి నేర్పిన ఇళ్ళే. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనబడేది ఆ తర్వాతి రోజుల దృశ్యం. బావి పక్కన పేర్చిన బండలను ఎవరివి వాళ్ళు ఇంటికి మోసుకుపోసాగారు. ఒక ఏడాది పాటు ఒక్కొక్కటిగా పెరిగిన వరస ఐదు రోజుల్లో సగమైంది. బండ్లాయన తన బండి కట్టి, "తెచ్చినప్పుడు ఊరికే తెచ్చినా, తీసకపోయేటప్పుడు గూడా ఊరికేనా?" అని గొణుగుతూ తోలాడు. నడవలేని అవ్వ అరుగు మీద కూర్చొని, ముందు నుంచి పోతున్న బండిని చూస్తూ ఉండిపోయేది. మెట్లు నిలిచాయి. ఆమె కోరుకున్నదీ అదే కదా అని నేను ఒకసారి అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకు నేను లేచి లోపలికి పోయాను. ఆ అద్దంలో చూసిన రోజే ఆమెకు నిజం తెలిసిపోయింది. నిజమని తెలిసి, ఏడాది పాటు దాని వెంట నడిచి, తన కాలే దాన్ని అబద్ధం చేయడం ఆమె భరించలేకపోయింది.

సంఘం పని కూడా అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. గడియారాల మామ మా ఇంటికి వచ్చి అవ్వ కాలు చూశాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. నా దగ్గరికి వచ్చి పుస్తకం ఇమ్మన్నాడు. వసారాలో గోడకు ఆనుకొని, మొదటి పేజీ నుంచి, పనిచేయని గడియారాన్ని విప్పినంత నెమ్మదిగా చదివాడు. చదివిందే మళ్ళీ చదివాడు. నేను రాసుకున్న అక్షరాలను ఎవరైనా అంత శ్రద్ధగా చదవడం అదే మొదటిసారి. భయంగానూ ఉంది, గర్వంగానూ ఉంది.

ఒక చోట వేలు పెట్టి ఆగాడు. "అమ్మీ, ఈడ 'రెండో కడవకు గుడ్డ తిరగేసింది' అని రాసినావే. ఇది ఆ ఒక్క దినమేనా, దినామూనా?"

"దినామూ మామా. మొదటి కడవ పోసినాక గుడ్డ పైభాగం ఎంగిలైతాది గదా. ఎంగిలి మీద మళ్ళీ పోయకూడదని తిరగేస్తాది. అందరికీ అట్లే నేర్పింది" అన్నాను.

ఆయన చటుక్కున లేచాడు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి, ఒక కుండకు గుడ్డ కట్టి ఒక కడవ నీళ్ళు పోయించాడు. కుండలోంచి గ్లాసుడు తీశాడు. తర్వాత అవ్వ చేసినట్టే గుడ్డ తిరగేసి రెండో కడవ పోయించి, ఇంకో గ్లాసుడు తీశాడు. అద్దం నా కంటికి పెట్టాడు. మొదటి గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండో గ్లాసులో తెల్లటి నలకలు, బావిలో కంటే ఎక్కువగా, ఎగిరెగిరి ఈదుతున్నాయి. మొదటి కడవలో గుడ్డ పట్టుకున్నదంతా, గుడ్డ తిరగేయగానే రెండో కడవతో పాటు కాగులోకి దిగింది. ఊరిలో అందరికంటే శుభ్రంగా చేయాలనుకున్న మనిషి, ఆ శుభ్రం వల్లే ఏడాదంతా పురుగులను కడిగి కాగులో పోసింది.

నాకు సంతోషం వచ్చింది, ఎందుకంటే కాంపౌండరు చెప్పింది అబద్ధం కాదని తేలిపోయింది. ఇప్పుడే పోయి అందరికీ చెప్తానన్నాను. నా పుస్తకంలోనే సాక్ష్యం ఉందని అన్నాను.

గడియారాల మామ నా పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీది. ఇది నేను ఎవరి ముందరా విప్పను" అన్నాడు. ఎందుకని అడిగితే ఇలా చెప్పాడు. "ఆగిపోయిన గడియారం నా కాడికి వస్తే నేను గడియారాన్ని తిట్టను. తాళం తిప్పినోన్ని తిట్టను. పోయినసారి దాన్ని విప్పింది నేనేనా అని చూస్తా ముందు. గుడ్డ ఇచ్చింది మేము గదా. ఏ పక్క పైకి ఉండల్లో యానాడన్నా చెప్పినామా?"

నాకు ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది. చెప్పకపోతే మాత్రం అవ్వకు తెలియదా అనిపించింది. పదకొండేళ్ళ పిల్లకు తప్పు ఎవరిదో తేలితేనే లెక్క సరిపోయినట్టు ఉంటుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బావి దగ్గర వీధి మొత్తాన్ని పిలిచారు. అవ్వను మా నాన్న కుంటుతూనే పట్టుకొని తెచ్చి, మిగిలిన బండల మీద కూర్చోబెట్టాడు. ఆమె ఎవరి వైపూ చూడడం లేదు. వచ్చిన వాళ్ళు సంఘాన్ని తలా ఒక మాట అన్నారు. బండ్లాయన నడుముకు చేతులు పెట్టుకొని, "గుడ్డలతో మా కోడళ్ళకు పని శానా ఎక్కువైంది గానీ పురుగు పోలా. ఇంగ చాలప్పా. ఆ గుడ్డలతో నాకు రెండు బనీన్లు కుట్టియ్యండి" అన్నాడు. నవ్వులు లేచాయి. పుస్తకం నా ఒడిలో ఉంది. నోరు తెరవకుండా ఉండడానికి దాని అట్టను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను.

గడియారాల మామ లేచి నిలబడ్డాడు. "తప్పు సంఘానిది" అన్నాడు. తప్పు తనదని ఇంత మందిలో చెప్పే పెద్దమనిషిని మా వీధి అంతవరకు చూసి ఉండదు. "గుడ్డ ఇచ్చినాం. ఎట్ల కట్టల్లో చూపిచ్చినాం. ఒక పక్క పట్టిన మురికి, గుడ్డ తిప్పితే మళ్ళీ నీళ్ళల్లోకి పడతాదని మాకు తోచలా. మీరు శుభ్రంగా చేసినారు. మేము సరిగ్గా చెప్పలా. ఆ పాపం మాది" అని, అందరి ముందూ రెండు కడవలు పోయించి, రెండు గ్లాసులు బండ మీద పెట్టాడు. ఎవరు గుడ్డ తిప్పారో, ఎవరు ఎవరికి నేర్పారో ఒక్క మాట చెప్పలేదు. కాంపౌండరు ఏదో చెప్పబోతే చేత్తో ఆపాడు.

జనం వరసగా నిలబడి అద్దంలో చూశారు. మొదట నవ్వుకుంటూ చూసిన వాళ్ళు రెండో గ్లాసు దగ్గర నవ్వు మానేశారు. బండ్లాయన రెండుసార్లు చూసి పక్కకు తప్పుకున్నాడు. చివరికి అద్దం అవ్వ దగ్గరికి వచ్చింది. ఆమె మొదటి గ్లాసు చూసింది. రెండోది చూసింది. అద్దం కంటి దగ్గరి నుంచి తీసి, ఒడిలో పెట్టుకుంది. తర్వాత కట్టు కట్టిన కాలు కింద ఆనించి, మా నాన్న భుజం పట్టుకొని లేచి నిలబడింది.

"ఈ అప్ప మంచోడు కాబట్టి నా పేరు చెప్పలా" అంది. "గుడ్డ తిరగేసింది నేను. తిరగేయమని నేర్పింది గూడా నేనే. ఆ రెండిండ్లల్లో కురుపు లేసిందంటే, వాళ్ళు నా మాట ఇన్నందుకే లేసింది." ఆ రెండు ఇళ్ళ కోడళ్ళ వైపు తిరిగి తల కొంచెం వంచింది. వాళ్ళు ఏడ్చారు, అవ్వ ఏడవలేదు. బండ్లాయన వైపు తిరిగింది. "ఏమప్పా, ఆ బండలు యాడికి తోలినావో, ఆడి నుంచే తోలుకోని రా."

బండ్లాయన తలపాగా సర్దుకున్నాడు. "తోలుకోనొస్తా అవ్వా. ఎద్దులకు మేత మాత్రం నువ్వే ఎయ్యల్ల."

"ఏస్తాలే. నీకు గూడా కలిపి ఏస్తా" అంది అవ్వ.

ఆ నవ్వులో ఎగతాళి లేదు. పొద్దు వాలేలోగా మొదటి బండి బండలతో తిరిగి వచ్చింది. ముందు ఇచ్చిన దానికంటే పెద్ద బండలు ఇచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకొక పని ఆ రోజే మొదలైంది. గుడ్డకు పైవైపు ఏదో ఎవరికైనా, చదువు రాని వాళ్ళకైనా, పొరపాటు లేకుండా తెలిసేలా చేయడం ఎలాగని సంఘం వాళ్ళు మాట్లాడుకుంటుంటే, మూలన ఎర్రదారం కుట్టమని మా అమ్మ చెప్పింది. అన్ని గుడ్డలకూ తనే కుడతానని అవ్వ పట్టుబట్టింది. ఆమె చూపు సూదిలో దారం ఎక్కించేంత బాగా ఉండేది కాదు. గడియారాల మామ తన అద్దం ఆమెకు ఇచ్చేశాడు. మంచం మీద కాలు చాపుకొని, నల్ల డొప్ప అద్దం ఒక కంటికి బిగించుకొని, ఆమె సూదిలోకి దారం ఎక్కించేది. చూసి మేము నవ్వితే, "నవ్వండి, నవ్వండి. నా చెయ్యి నిజంగానే పందితోలు మాదిరి ఉండాది" అనేది.

కురుపు తగ్గి అవ్వ నడవగలిగిన రోజున మెట్లు మూయడం మొదలుపెట్టారు. మూసే ముందు ఆమె ఒకే ఒక్క కోరిక కోరింది. పేరు చెక్కిన పై మెట్టు బండను పగలకుండా పైకి తీయించింది. కొత్తగా కట్టిన గోడ మీద, గిలకకు సరిగ్గా కింద, కడవలు దించి పెట్టుకునే చోట దాన్ని అమర్చారు. ఇంతకాలం ఒక్క అవ్వ మాత్రమే తొక్కకుండా దాటిన ఆ పేరును ఇక ఎవరి కాలూ తొక్కదు. ఊరి ప్రతి కడవా నిండాక ముందు దాని మీదే దిగుతుంది. మొదటి చేద తోడింది అవ్వే. నీళ్ళు ఒలికి మా ముత్తాత పేరు తడిసింది. ఆమె అలవాటుగా కొంగుతో తుడిచింది.

మరుసటి ఎండాకాలం, అంతకుముందే ఒంట్లోకి పోయిన పురుగుల వల్ల, ఇద్దరికి కురుపు లేచింది. ఈసారి ఎవరూ బండలు మోసుకుపోలేదు. ఆ తర్వాతి ఎండాకాలం మా వీధిలో ఎవరికీ రాలేదు. ఎండలు ముదిరినంత కాలం నేను రోజూ ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకున్నాను. వాన పడ్డాక, "ఈ యేడు ఎవరికీ లేదు" అని రాసిన పేజీ చూపిస్తే గడియారాల మామ దాన్ని చేతిలోకి తీసుకొని చదివి, సంఘం వాళ్ళందరి చేతా చదివించాడు. చందాల డబ్బా మీద అప్పటివరకు సేవా సంఘం అని ఉన్న అక్షరాల కింద, గుడ్డల సంఘం అని బండ్లాయన చేతే సుద్దతో రాయించాడు. ఆ పేరుతోనే వాళ్ళు పెద్దముడియం వైపు పల్లెలకు వెళ్ళారు. వాళ్ళ మూటలోని ప్రతి గుడ్డకూ మా అవ్వ కుట్టిన ఎర్రదారం ఉండేది. ప్రతి పల్లెలోనూ మొదట చెప్పే మాట, ఏ పక్క పైకి ఉండాలనేదే.

ముప్పై నాలుగేళ్ళు నేను బడిలో పాఠాలు చెప్పాను. తరగతిలో నలుగురు పిల్లలు ఒకే లెక్క ఒకే రకంగా తప్పు చేస్తే, బెత్తం వైపు చెయ్యి పోయే ముందు నాకు ఆ రెండు గ్లాసులు గుర్తొచ్చేవి. నల్లబల్ల చెరిపి, నేను చెప్పకుండా వదిలేసినది ఏదో వెతికేదాన్ని. చాలాసార్లు అది దొరికేది.

ఇటీవల బీరువా సర్దుతూ ఆ గీతల పుస్తకం తీశాను. బావి దగ్గర అందరూ కూడిన ఆ శుక్రవారం నేనేం రాశానో చూడాలనిపించింది. ఆ సాయంత్రం పెన్సిలు పట్టుకొని చాలాసేపు కూర్చున్న సంగతి గుర్తుంది. తప్పు ఎవరిదో రాయాలని కూర్చున్నాను. అవ్వ తనదంది, మామ తనదన్నాడు, ఇద్దరిలో ఎవరి పేరు రాయాలో నాకు తోచలేదు. చివరికి మామ నేర్పినట్టే, జరిగింది మాత్రం రాశాను. పెన్సిలు గీతలు వెలిసినా ఇంకా చదవగలుగుతున్నాను: "ఈ దినం బండలు తిరిగి వచ్చినాయి. అవ్వ గుడ్డకు ఎర్రదారం కుట్టింది."

అరవై ఏళ్ళకు పైగా రాస్తున్న డైరీల్లో, ఎవరి మీద ఎంత కోపం వచ్చిన రోజైనా, నా చెయ్యి ముందు అలాంటి వాక్యం కోసమే వెతుకుతుంది.